మేనకోడలి పళ్ళెంలో చేప

అణు కరెంటు కేంద్రం వాళ్ళు వాడిన నీళ్ళను శుద్ధి చేసి సముద్రంలోకి వదలడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ అక్కకి తమ్ముడి మీద అనుమానమే. ఆ నీళ్ళను పరీక్ష చేసే ల్యాబులోనే వాడి ఉద్యోగం. టీవీలో కనిపించి, భయం లేదని ఒట్టేసినంత పని చేశాడు. అక్కకి చేపల బజార్లో కొట్టు. "మా తమ్ముడే పరీక్ష చేశాడమ్మా, కళ్ళు మూసుకుని తినండి" అంటూ రోజూ సముద్రం చేప అమ్ముతోంది. కానీ ఆమె ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఈమధ్య వాడు వాళ్ళింట్లో చేప ముట్టకపోవడం ఆమె కంట పడకుండా ఉంటుందా!

అందుకే ఆదివారం భోజనానికి పిలిచింది. వాడు కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. అక్క చేప కూర వండింది. అయితే అది బజారు ఆ చివర చెరువు చేపలమ్మే ఆవిడ దగ్గర కొని, కొంగు చాటున తెచ్చుకున్న చేప. వాడి గుట్టు తేలేదాకా మేనకోడలికి సముద్రం చేప పెట్టడానికి ఆమెకి చెయ్యి రాలేదు. ఆ సంగతి వాడికి చెప్పదలచుకోలేదు.

"పొద్దున పడవ దిగిన చేపరా," అంది వడ్డిస్తూ.

తమ్ముడు క్షణం తటపటాయించి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. "ఎంతైనా సముద్రం చేప రుచే వేరక్కా!"

అక్కకి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

పాప కూర కోసం చెయ్యి చాపింది. వాడు గబుక్కున గిన్నె పక్కకి జరిపేశాడు. "నీకొద్దమ్మా, ముళ్ళుంటాయి."

"ముళ్ళన్నీ నేను తీసేశాలేరా."

"కారం కూడా..."

"పిల్ల కోసమని కారం తగ్గించే వండాను. నిజం చెప్పు, ఆ నీళ్ళలో ఏముంది?"

"ఏమీ లేదక్కా. పరీక్షలన్నీ సరిగ్గానే వస్తున్నాయి, నా కళ్ళతో చూస్తున్నా." వాడి గొంతు తగ్గింది. "అయినా పసిపిల్ల కదా... మనసొప్పడం లేదు."

అక్క కోపం పట్టలేకపోయింది. "బజారంతా తినొచ్చు గానీ, నీ పిల్లకి మాత్రం ముళ్ళా? పెట్టరా దానికి! అది చెరువు చేపే!"

నోరు జారాక గానీ ఏమన్నదో ఆమెకి తెలియలేదు. తమ్ముడు తినడం ఆపి ఆమె మొహంలోకి చూశాడు.

"మరి నీ దగ్గర కొనేవాళ్ళకి పిల్లల్లేరా అక్కా?"

అక్క సిగ్గుతో తలెత్తలేకపోయింది. పాప మాత్రం గిన్నె తనవైపు లాక్కుని, పెద్ద ముక్క ఏరి పళ్ళెంలో వేసుకుంది.