యంత్రం చెప్పిన కారణం

తేయుల్ పోయిన చలికాలంలో చనిపోయాడు. ఏళ్ల తరబడి కష్టపడి అతను తయారుచేసిన పదార్థం మా దేజాన్ ప్రయోగశాల ఫ్రీజర్‌లో చిటికెడు మిగిలింది. ఇంకొక్క రసాయన చర్య జరిపితే అతను కలలుగన్న మందు అణువు వస్తుంది, పరిశోధనా పత్రంలో మొదటి పేరు అతనిదవుతుంది. చెడిపోతే మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఎవరికీ లేదు. ఆ పని అతని జూనియర్ సెరిన్ నెత్తిన పడింది.

ఏ ద్రావణిలో, ఎంత వేడిలో చెయ్యాలో మా కృత్రిమ మేధ యంత్రాన్ని అడిగాం. మేం చేసిన చర్యలన్నీ, ఎవరి హుడ్‌లో, అంటే విషవాయువులు లాగేసే ఏ గాజు అరలో చేశామో సహా, దానికి నేర్పించి ఉన్నాం. సమాధానంతోపాటు కారణమూ చెప్పాలన్నది ప్రొఫెసర్ ప్యో గారి పట్టు. కారణం చెప్పకపోతే మనిషినైనా సరే, నేనూ నమ్మను.

"టోలుయీన్‌లో మరగబెట్టమంటోందక్కా," అంది సెరిన్.

"ఎందుకట?"

తెరమీద కారణాలు గీతలుగా వచ్చాయి. ఎంత పొడవుంటే అంత ముఖ్యం. అన్నిటికంటే పొడవైన గీత పక్కన 'కిటికీ పక్క హుడ్' అని ఉంది.

నాకు ఒళ్లు మండింది. "రసాయనానికి కిటికీతో పనేంటే?"

"అది తేయుల్ అన్న హుడ్, అక్కా."

మా దగ్గర ఎవరి హుడ్ వాళ్లదే, చదువు ముగించి వెళ్లేదాకా మారదు. తేయుల్ ఏం చేసినా మరగబెట్టే చేసేవాడు, అతని చేతిలో ఏదీ చెడేది కాదు. యంత్రం రసాయనశాస్త్రం బదులు తేయుల్‌ని నేర్చుకుంది.

"హుడ్ వివరం తీసేసి మళ్లీ అడుగమ్మా," అన్నారు ప్యో గారు.

"అన్నని తీసెయ్యమంటారా సార్?"

సెరిన్ చెయ్యి కదల్లేదు.

"నీకు అన్న గుర్తు కావాలా, అన్న పేరు నిలవాలా?" కటువుగానే అడిగాను. నాకూ ఏడుపొస్తోంది.

తీసేసింది. ఈసారి యంత్రం ఆల్కహాల్‌లో, మంచు మీద పెట్టి చెయ్యమంది. పొడవైన గీత తేయుల్ పదార్థంలోని బలహీనమైన పరమాణు వలయానిది. వేడి తగిలితే విరిగిపోతుందట. ఇది నాకు నమ్మబుద్ధయ్యే కారణం.

మర్నాడు ఫ్లాస్కు అడుగున తెల్లటి స్ఫటికాలు పేరుకున్నాయి. పరీక్షిస్తే అదే అణువు. ప్యో గారు పత్రంలో మొదట తేయుల్ పేరు రాశారు. అందరం చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాం.

సెరిన్ వెక్కివెక్కి ఏడుస్తోంది.

"అన్నే ఉండుంటే దీన్ని మరగబెట్టేసేవాడక్కా," అంది.