ఊరుకోని చెయ్యి

అతను ఆరో వరుసలో మూడో రెల్లు దుబ్బును పట్టుకుని మెల్లగా లాగాడు. కదల్లేదు. నాలుగోది కాస్త ఊగింది. అది ఊగిందా, తన చెయ్యే వణికిందా అని మళ్లీ లాగాడు. దుబ్బు పైకొచ్చేసింది. నల్లటి బురదలో అప్పుడప్పుడే పట్టు దొరకబుచ్చుకుంటున్న తెల్లటి సన్న వేర్లు పుటుక్కున తెగాయి. గబగబా గుంటలో కుక్కి, చుట్టూ బురద నొక్కి, అటూ ఇటూ చూశాడు.

"చూశాన్లే," అంది వదిన పక్క వరుసలోంచి, వంచిన నడుం ఎత్తకుండానే. "ఇవాళ ఎన్నోది?"

"ఊగుతోంది వదినా. పట్టిందో లేదో అని..."

"నువ్వు పీకి చూస్తుంటే ఎలా పడుతుందయ్యా? అదేమన్నా నీ ఫ్యాక్టరీ తాళమా?"

అవతలి వరుసల్లోని ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

ఇరవై రెండేళ్లు రంగుల ఫ్యాక్టరీకి కాపలా కాశాడు. నలభై ఒక్క తాళాలు. గంటగంటకూ ఒక్కోదాన్నీ లాగి చూడాలి. గొట్టాల్లోంచి ఏట్లోకి ఏం పోతోందో చూడమని మాత్రం ఎవడూ చెప్పలేదు. చూసినవాణ్ణి ఉంచుకునేవాళ్లూ కారు. ఫ్యాక్టరీ మూతపడింది, యజమానులు మంచినీళ్లున్న చోటు చూసుకున్నారు. అతని చెయ్యి మాత్రం ఊరుకోలేదు. ఇంటి గొళ్లెం మూడుసార్లు లాగందే పడుకోడు. కాపురానికి వెళ్లిన కూతురికి "బాగున్నావా? నిజంగానే బాగున్నావా?" అని రోజుకు నాలుగుసార్లు ఫోను చేసేవాడు. ఆ పిల్ల ఇప్పుడు ఎత్తడం మానేసింది.

ఫ్యాక్టరీ వదిలిన విషాన్ని పీల్చుకుంటాయని ఈ ఏటి గట్టున రెల్లు, తుంగ, జమ్ము నాటడం ఇది మూడోసారి. ఒకప్పుడు ఇక్కడ వాటంతటవే పెరిగేవి, ఇప్పుడు నాటిన రెండుసార్లూ ఈ విషపు బురదకు చచ్చాయి. ఈసారి వదిన ఇదే బురద కలిపిన తొట్లలో ఏడాదిపాటు అలవాటు చేసి పెంచింది. పన్నెండు రోజుల్లో ప్రభుత్వ ఆఫీసువాళ్లొచ్చి, బూట్లు తడవనంత దూరంలో నిలబడి లెక్కపెడతారు. మూడింట రెండొంతులు బతక్కపోతే గట్టు మొత్తం సిమెంటుతో కప్పేస్తారు.

మధ్యాహ్నం గ్లౌజులు విప్పి, అన్నం డబ్బా మూత తీసి, రెండు ముద్దలు తిని లేచాడు. కూర్చోబుద్ధి కాలేదు. వరుసల వెంట నడిచాడు. వదిన వరుసల్లో ప్రతి దుబ్బుకూ పచ్చటి కొత్త పిలక. అవతలివాళ్ల వరుసల్లోనూ అంతే. తన ఆరు వరుసల్లోనే ఆకుల కొసలు మాడిపోయి ఉన్నాయి. అదే బురద, అవే మొక్కలు.

అక్కడే చతికిలబడి రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. కాసేపటికి చూసుకుంటే కుడిచెయ్యి పక్కనున్న రెల్లు మొదలు పట్టుకుని ఉంది.

"వదినా, రేపట్నుంచి నేను రాను."

"అలిగావా? ఏదో వేళాకోళానికన్నాను."

"అలక కాదు. ఇక్కడుంటే ఈ చెయ్యి ఊరుకోదు. నా వరుసలు కూడా నువ్వే చూసుకో."

వదిన అతని మొహంలోకి చూసింది. కాదనలేదు.

"ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు మరి?"

"గొళ్లేలున్నాయిగా."

ఆవిడకు నవ్వు రాలేదు. అతను గట్టెక్కాడు. రెండుసార్లు ఆగాడు, రెండుసార్లూ వెనక్కి చూడకుండానే మళ్లీ నడిచాడు.

సాయంత్రానికి అందరూ వెళ్లిపోయారు. గట్టు మీది మేకుకు అతని రబ్బరు గ్లౌజులు వేలాడుతున్నాయి. బురద ఎండిపోయి, వాటి వేళ్లు ఇంకా దేన్నో పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.