మూత మీది సున్నా

పిప్పెట్‌ను బొటనవేలితో నొక్కి, పొట్టి గొట్టాల్లోకి చుక్క చుక్కగా ఎంజైము వదులుతున్నాడు ల్యాబ్ అసిస్టెంటు. ఇరవై ఆరేళ్ల నొక్కుడుకి ఆ వేలు కాస్త పక్కకు ఒరిగింది. ల్యాబులో అందరికీ అతను గొట్టాల బాబాయ్. అలా పిలిస్తే నవ్వుతాడు గాని, నెల రోజులుగా తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు.

పని ఇదీ. క్యాన్సర్ గడ్డలోని ఒక జన్యువు దారాల్లాంటి ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తీస్తుంది. కొన్ని నకళ్లు రెండు కొసలూ కలిసిపోయి ఉంగరాలవుతాయి. ఎంజైము కొస పట్టుకుని దారాలను తినేస్తుంది. కొసలేని ఉంగరం మిగులుతుంది. ఆ ఉంగరాలు ఎక్కువుంటే గడ్డ నెమ్మదిస్తుందని ల్యాబు నడిపే మేడమ్ నమ్మకం.

మేడమ్ గొట్టం మూత మీద సున్నా చుడితే ఎంజైము వెయ్యలేదని అర్థం. బాబాయ్‌కి సున్నా అంటే ఉంగరమే; దారాలు పోయి ఉంగరాలే మిగిలాయనుకున్నాడు. వార్డులో ఉన్న, బట్టలు కుట్టే పెద్దావిడ గడ్డ ముక్క నుంచి తీసిన గొట్టంలోని దారాలన్నిటినీ ఉంగరాలుగా లెక్కగట్టి రాసేశాడు. మర్నాడే తప్పు తెలిసింది, కానీ ఎవరికీ చెప్పలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రమే పెద్దావిడ అతన్ని మెట్ల దగ్గర ఆపింది. "నా ముక్క ఏమంటోంది బాబూ?"

"మంచే అంటోందమ్మా."

"అయితే ఇంటికెళ్లి మనవరాలి గౌను పూర్తి చెయ్యొచ్చన్నమాట!"

ఆవిడ మొహం వెలిగింది. అతనికి సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

ఈ మధ్యాహ్నం మేడమ్ ఆ లెక్కను పరిశోధన పత్రికకు పంపబోతుంటే వెళ్లి నిలబడ్డాడు.

"ఆ సున్నా తప్పుగా చదివాను మేడమ్. నెల్రోజుల్నుంచీ తెలుసు."

మేడమ్ కళ్లజోడు తీసింది. "నేనూ మాటల్లో రాయాల్సింది, సున్నా చుట్టడం కాదు. కానీ నెల రోజులా, బాబాయ్?"

తిట్టినా బాగుండేది.

"ఆ ముక్క అయిపోయింది. ఇంకోటి తీయాలంటే ఆ పెద్దావిడ ఒప్పుకోవాలి. మీరే వెళ్లి నిజం చెప్పండి."

అనుమతి కాగితం పట్టుకుని, చెప్పాల్సిన మాట కూడబలుక్కుంటూ వార్డుకు వెళ్లాడు. మంచం మీద దుప్పటి తీసేసి ఉంది. ఆవిడ కూతురు సంచి సర్దుతోంది.

"పొద్దున్నే పోయిందండీ అమ్మ. మీరు మంచే అన్నారని రోజూ చెప్పుకునేది."

"నేను చెప్పింది అబద్ధమమ్మా. అప్పటికే నాకు తెలుసు."

కూతురి చేతులు సంచి మీద ఆగిపోయాయి. సంచి భుజాన వేసుకుని, అతన్ని తప్పుకుని వెళ్లిపోయింది. కాసేపటికి అతనూ తలవంచుకుని బయటికి నడిచాడు.

కాగితం మంచం మీదే ఉండిపోయింది, సంతకం చోటు ఖాళీగా.