గేటు ముందు నలభై ఏడు నిమిషాలు

వినోదాల పార్కు గేటు ముందు రోజంతా వినపడే పాటను మార్చేస్తున్నామని కొత్త యాజమాన్యం చెప్పినప్పుడు సౌండాయనకు ముందు బాధ కలగలేదు, నీరసం వచ్చింది. ముప్పై రెండు స్పీకర్లు మళ్ళీ ఒక్కొక్కటే సరిచూసుకోవాలి. కొన్ని పూలమొక్కల మధ్య బండరాళ్ళ వేషంలో ఉంటాయి, కొన్ని దీపస్తంభాల తలల్లో దాక్కుంటాయి. రాళ్ళ మీదికి వంగితే నడుము పట్టేస్తుంది, స్తంభాలెక్కబోతే మోకాళ్ళు మొరాయిస్తాయి. ఏడాదిలో రిటైరయ్యేవాడికి ఈ గోలేమిటనుకున్నాడు. పైకి మాత్రం అలాగే మేడమ్ అన్నాడు.

పార్కులో అందరికీ ఆయన సౌండాయనే. రోజూ గేట్లు తెరవకముందే ఒక గుడ్డ, ఒక బ్రష్షు పట్టుకుని ఆవరణంతా తిరిగేవాడు. రాళ్ళలో చేరిన చీమలను దులిపేవాడు, ఉడతలు కొరికిన తీగలకు టేపు చుట్టేవాడు. ఆ తర్వాత తన గదిలో కూర్చుని మీట నొక్కేవాడు. జనం పెరిగేకొద్దీ శబ్దం కొంచెం కొంచెం పెంచాలి, ఎందుకంటే మనుషుల ఒళ్ళూ బట్టలూ శబ్దాన్ని తాగేస్తాయి. జనం పల్చబడ్డాక మళ్ళీ తగ్గించాలి. సరిగ్గా చేస్తే ఎవరికీ తెలియదు. ఇరవై రెండేళ్ళు ఆయన ఎవరికీ తెలియకుండానే చేశాడు.

ఆ పాట నిడివి నలభై ఏడు నిమిషాలు. అయిపోయిందని తెలియకుండానే మళ్ళీ మొదలయ్యేది. పొద్దున హుషారుగా ఉండేది. సాయంత్రం వేసే రెండో రికార్డులో అదే వరుస నెమ్మదిగా, ఇళ్ళకు పోయేవాళ్ళ కాళ్ళ నొప్పి తెలిసినట్టుగా సాగేది. వచ్చిపోయేవాళ్ళకు గుర్తుండేది కాదు. గేటు సిబ్బందికి మాత్రం నిద్రలో కూడా చెవుల్లో తిరిగేది.

కొత్త సంగీతం తెచ్చిన మేడమ్ మంచి మనిషే. ఆయన్ని కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించింది. టికెట్ల గేటు నుంచి లోపలి వంతెన దాకా వెళ్ళడానికి జనానికి పదకొండు నిమిషాలు పడుతోందట, అది ఎనిమిదికి రావాలట. కొత్తదాంట్లో పాటంటూ ఉండదు, అడుగులు త్వరత్వరగా వేయించే తాళం ఉంటుంది. ఎంతమంది లోపలికొస్తున్నారో చూసుకుని తన వేగాన్ని అదే పెంచుకుంటుంది, అదే తగ్గించుకుంటుంది. ఇక మీట మీద చెయ్యేసుకుని ఎవరూ కూర్చోనక్కర్లేదని చెప్పి, ఎవరితో అంటోందో గుర్తొచ్చి ఆమె తడబడింది. ఆయనే నవ్వేసి, ఆ పని తప్పితే నాకూ హాయేనమ్మా అన్నాడు.

ఒక శుక్రవారం గంటసేపు వేసి చూశారు. ఆయనే గడియారం పట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిదిన్నర నిమిషాలు. తోపులాట లేదు, తొందరపడుతున్నామని ఎవరికీ తెలిసినట్టూ లేదు. ఆయనకు అది ఏమాత్రం నచ్చలేదు గానీ అబద్ధమాడటానికి నోరు రాలేదు. బాగా పనిచేస్తోందని రాసిచ్చాడు.

అసలు చిక్కు వేరే ఉంది. పాత పాట కట్టింది ఆయన బావమరిది.

భార్యకు తమ్ముడైన ఆ మనిషి ఫిడేలు వాయించేవాడు గనక, ఇంట్లో అందరూ అతన్ని ఫిడేలు అనే పిలిచేవారు. పార్కు కడుతున్న రోజుల్లో, టికెట్ల చుట్టలు దాచే గది గోడలకు పరుపులు ఆనించి, మూడు రోజులు తలుపులు మూసుకుని ఆ పాట రికార్డు చేశారు. వరుస ఫిడేలుది, వాయించింది ఫిడేలూ అతని ముగ్గురు స్నేహితులూ. సౌండాయన మైకులు పెట్టాడు, వచ్చిన ముక్కలు అతికాడు. పార్కుకు పదేళ్ళు నిండినప్పుడు గేటు పక్కన గోడకు ఒక బోర్డు పెట్టారు. సంగీతం అన్నచోట సౌండాయన పేరు చెక్కించారు. తప్పు ఆఫీసువాళ్ళెవరిదో. కానీ ఆయన అది చూసి కూడా పెదవి విప్పలేదు. శాలువా కప్పించుకున్నాడు, ఫొటోకు నిలబడ్డాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండిపోయాడు. ఆ రోజు వెనక వరసలో నిలబడ్డ ఫిడేలు భోజనానికి ఆగకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ అక్క గడప తొక్కలేదు. పన్నెండేళ్ళు. తమ్ముడింటికి ఆవిడ ఒక్కతే వెళ్ళి వచ్చేది. భర్తను ఒక్క మాటా అనలేదు. ఆ అనకపోవడమే ఆయన్ని నమిలేసేది.

అలాంటివాడు ఏడాదిగా ప్రతి ఆదివారం గేటు బయటి బెంచీ మీద వచ్చి కూర్చుంటున్నాడు. ముందు చూసింది టికెట్లు చింపే ఆవిడ. ఒకాయన లోపలికి రాడు, ఎవరికోసమూ ఎదురుచూడడు, గంటసేపు కూర్చుని లేచిపోతాడు అని చెప్పింది. సౌండాయన కిటికీలోంచి చూసి గుర్తుపట్టాడు. అప్పట్నుంచి ఆదివారాలు సిబ్బంది తలుపులోంచే వచ్చిపోతూ మొహం చాటేసేవాడు.

సోమవారం నుంచి కొత్తది వేస్తారని ఖాయమయ్యాక ఆ సంగతి భార్యకు చెప్పాడు. తమ్ముడి చెవిన కాస్త వెయ్యమన్నాడు. ఆవిడ మడతపెడుతున్న దుప్పటి దించకుండానే అంది.

“ఇది నేను మోసుకెళ్ళే మాట కాదు. మీరే చెప్పండి.”

ఆదివారం పదిన్నరకు రెండు కాగితం కప్పుల్లో టీ పట్టుకుని సౌండాయన బయటికొచ్చాడు. ఫిడేలు జుట్టంతా నెరిసిపోయింది. పక్కన కూర్చున్నా తల తిప్పలేదు. కప్పు చేతికిస్తేగాని ఉలిక్కిపడి చూడలేదు. చూసి, కప్పు తీసుకున్నాడు. అదే గొప్ప అనుకున్నాడు సౌండాయన. కాసేపు ఇద్దరూ గేటువైపు చూస్తూ తాగారు. రేపట్నుంచి ఈ పాట ఉండదని, తీసేస్తున్నారని చెప్పాడు.

“ఏమన్నావు? ఈ చెవివైపు చెప్పు,” అన్నాడు ఫిడేలు.

రెండోసారి చెప్పాడు. ఫిడేలు, ఎవరి గురించో చెబుతున్నంత మామూలుగా, తన సంగతి చెప్పాడు. తనకు వినికిడి పోతోంది. సన్నటి శబ్దాలు ముందు పోతున్నాయి. పిల్లలకు సంగీతం పాఠం చెబుతుంటే వాళ్ళ తప్పులు వేళ్ళు చూసి పట్టుకుంటున్నాడు గాని విని కాదు. ఎంత పోయిందో తెలుసుకోవడానికి ఈ బెంచీ దగ్గరికొస్తున్నాడు. ఈ పాటలో ఎక్కడ ఏముందో అణువణువూ తెలుసు గనక, ఏది వినపడటం లేదో ఇక్కడైతే తెలుస్తుంది.

“చిరుగంటల మోత వినపడక ఏడాదైంది బావా. వేసవిలో ఫ్లూటు పోయింది. నా పై తీగ పోయిన నెల పోయింది. మధ్యలో ఒకచోట కింద తీగ జారి ఒక స్వరం పడిపోతుంది చూడు, అది మాత్రం శుభ్రంగా వినపడుతోంది.”

సౌండాయన ఆ తప్పు ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ పట్టుకోలేదు. ఆ మాట చెప్పాడు.

“ఆ రోజే అన్నాను మళ్ళీ తీద్దామని. టైము లేదన్నావు.”

“బోర్డు మీద నీ పేరుండాల్సింది.”

“ఉండాల్సింది.”

“అప్పుడే చెప్పాల్సింది నేను.”

“ఇది చెప్పడానికి పన్నెండేళ్ళు పట్టిందా?”

“పట్టింది.”

ఫిడేలు పర్వాలేదనలేదు. చల్లారిన టీ అడుగుదాకా తాగి, కప్పు నలిపి చేతిలోనే ఉంచుకున్నాడు. అక్కకు తెలుసా అని సౌండాయన అడిగాడు. చెవుల సంగతి ఎవరికీ చెప్పలేదన్నాడు. డాక్టరుకు చూపించావా అంటే, చూపిస్తే పోయిందని చెబుతారు, ఆ ముక్క నాకూ తెలుసు అన్నాడు. అక్కడితో ఆ మాట ఆగిపోయేదే. కానీ సౌండాయన లేచి నిలబడి, లోపలికి రమ్మన్నాడు. ఎందుకని అడిగితే, నా గదిలో సామానుంది, ఊహాగానాలెందుకు, కొలిచి చూద్దాం అన్నాడు.

టికెట్లు చింపే ఆవిడ ఏమీ అడగకుండా పక్క గేటు తీసింది. గదిలో ఫిడేలును కుర్చీలో కూర్చోబెట్టి, స్పీకర్లను పరీక్షించే యంత్రానికి తన హెడ్‌ఫోన్లు తగిలించి అతని చెవులకు పెట్టాడు. అన్నిటికన్నా సన్నటి కూతతో మొదలుపెట్టి కిందికి దించుకుంటూ వచ్చాడు. వినపడితే వేలెత్తమన్నాడు. ఫిడేలు కళ్ళు మూసుకున్నాడు. వేలు లేవలేదు. ఇంకా దించాడు, లేవలేదు. పక్కన నిలబడ్డ సౌండాయనకు కూడా హెడ్‌ఫోన్లలోంచి ఈలలా వినపడుతున్న శబ్దం ఆ మనిషికి అసలు లేనే లేదు. సగానికి పైగా దించాక వేలు కొంచెం కదిలింది, మళ్ళీ పడిపోయింది. ఇంకాస్త దించితే అప్పుడు లేచింది. ఆ అంకెలన్నీ ఒక పాత టికెట్టు వెనక రాసి, సౌండాయన అతని చేతిలో పెట్టాడు. ఫిడేలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నేననుకున్నదానికన్నా ఎక్కువే పోయింది అన్నాడు.

సోమవారం పొద్దున సౌండాయన పాతది తీసేసి కొత్తది ఎక్కించాడు. పావుగంట పని. తాళం మొదలైంది, జనం చకచకా నడిచారు, ఎవరూ తలెత్తి చూడలేదు. మధ్యాహ్నానికి టికెట్లు చింపే ఆవిడ మణికట్లు నొక్కుకుంటూ వచ్చి, దీనికి ఊపిరి తీసుకోవడం తెలీదా అని విసుక్కుంది. సౌండాయన మేడమ్ దగ్గరికెళ్ళి, బోర్డు మీది పేరు తప్పని, పాట ఫలానా మనిషిదని చెప్పాడు. గోడకు రంగులేసేటప్పుడు ఆ బోర్డు దించేశారని, ఎక్కడుందో తనకూ తెలియదని ఆమె అంది. ఆయన మొహం చూసి జాలేసిందో ఏమో, ఆ పేరు అడిగి తన పుస్తకంలో రాసుకుంది. దాన్నేం చేస్తుందో ఆమెకూ తెలియదు, ఆయనకూ తెలియదు. ఆ సాయంత్రమే ఇంట్లో భార్యకు రెండు సంగతులూ చెప్పాడు. బోర్డు సంగతి నాకెప్పుడో తెలుసు అంది ఆవిడ. చెవుల సంగతి విన్నాక మాత్రం వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

గురువారం సెలవు పెట్టి ముగ్గురూ చెవుల డాక్టరు దగ్గరికెళ్ళారు. మూడు గంటలు వరసలో కూర్చున్నారు. మధ్యలో ఆవిడ కూర్చుని ఇద్దరికీ అరటిపండ్లు అందించింది. డాక్టరు టికెట్టు వెనకనున్న అంకెలు చూసి, ఇవి ఎవరు తీశారో గాని దాదాపు సరిగ్గానే ఉన్నాయంది. పోయింది తిరిగిరాదంది. చెవికి యంత్రం పెడితే మాటలు బాగా తెలుస్తాయి, సంగీతానికి అంతంతమాత్రమే అంది. వారం రోజులు వాడి చూడమని ఒకటిచ్చి పంపింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఫిడేలుకిచ్చారు. బస్సు కదిలిన రెండు నిమిషాలకు అతను నొసలు చిట్లించి బావవైపు తిరిగాడు.

“బస్సు ఎప్పుడూ ఇంత చప్పుడు చేస్తుందా?”

“ఎప్పుడూ ఇంతే.”

“మీరెలా భరిస్తున్నారు?”

ఫిడేలు యంత్రం తీసి జేబులో పెట్టుకున్నాడు, తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అక్క వంగి, చల్లగాలి తగలకుండా కిటికీ అద్దం మూసింది.