ట్యూబు చుట్టిన జాయింటు

ముందు ఇరుసు కింద జాకీ ఎత్తి, వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టి, బొజ్జన్న ట్రాక్టరు కిందికి వెల్లకిలా దూరాడు. ముందు చక్రాన్ని స్టీరింగుతో కలిపే బాల్ జాయింటుకు తాను చుట్టిన ట్యూబు రబ్బరును కొడవలి మొనతో కోస్తుంటే, మట్టి పట్టిన గ్రీజు పెళ్లలు కళ్లలో రాలాయి. తుడుచుకోలేదు.

కొత్త జాయింట్లు నందికొట్కూరు నుంచి వచ్చాయి. వాటికోసం అతను ఏళ్ల తరబడి అడిగాడు. స్టీరింగు సగం చుట్టు తిప్పితే గానీ చక్రం కదలడం లేదని చెప్పినప్పుడల్లా బండి యజమాని ఓబులరెడ్డిది ఒకటే మాట: "నీ చేతిలో అది పిల్లకాయ లెక్క మాట వింటాది బొజ్జా. ఇంగొక పంట పోనీ." ఆ పొగడ్తకు పొంగిపోయి బొజ్జన్న ప్రతిసారీ ఇంకో రబ్బరు ముక్క చుట్టేవాడు. ఇప్పుడు బండి కొనడానికి బనగానపల్లె నుంచి మనిషి వస్తున్నాడు. ఒక్క రోజులో జాయింట్లు దిగిపోయాయి.

మెకానిక్ రబ్బానీ నట్టు విప్పి పక్క నుంచి సుత్తితో కొట్టాడు. పాత జాయింటు ఊడి బొజ్జన్న ఛాతీ మీద పడింది. కదిపితే లోపలి గుండు ఎండిన చింతకాయలో గింజలా గలగలమంది.

"దీంతోనా బొజ్జన్నా, మిరప కోతకు ఆడోళ్లను ఎక్కిచ్చుకోని పోయింది?" అన్నాడు రబ్బానీ.

పోయిన మాఘంలో కాలువ గట్టు మీద చక్రం తనంతట తానే పక్కకు లాగేసింది. ట్రాలీ ఒరిగింది. మిగతావాళ్లు గీరుకుపోయి బయటపడ్డారు గానీ, అతని భార్య హంపమ్మకు తుంటి విరిగింది. బొజ్జన్న తాగి తోలాడని రెడ్డి ఊరంతా చెప్పాడు. కల్లు వాసనే పడని మనిషి. ఊరు నమ్మినందుకు అతనికి అంత బాధ లేదు. మంచంలో పడున్న హంపమ్మ ఒకనాడు గోడవైపు తిరిగి, "నిజం చెప్పు, ఆ పొద్దు రవ్వంత తాగినావా?" అంది.

మధ్యాహ్నానికి పని ముగిసింది. పాత జాయింటును బొజ్జన్న తువ్వాలులో మూట కట్టి భుజాన వేసుకున్నాడు. స్టీరింగును ఒక్క వేలితో తిప్పితే చాలు, చక్రం తిరుగుతోంది. ఇంత తేలికా అనుకునేసరికి బొజ్జన్నకు ఒళ్లు మండిపోయింది.

కొనే మనిషి బండి తోలి చూసి, రెడ్డి వరండాలో టీకి కూర్చున్నాడు. బొజ్జన్న తాళం ఇవ్వడానికి మెట్టు ఎక్కుతున్నాడు. రెడ్డి చెయ్యి చాపి అతన్ని చూపించాడు.

"ఇన్నేండ్లు తోలింది మావోడే. చుక్క ముట్టడప్పా. బండికి ఒక్క దెబ్బ తగలనీలేదు."

బొజ్జన్న మెట్టు మీదే నిలబడిపోయాడు.

"ఆ మాట మా ఇంటికొచ్చి హంపమ్మతో చెప్పు రెడ్డీ."

కొనే మనిషి గ్లాసు దించాడు. రెడ్డి నవ్వబోయాడు. "అయిపోయిన కథ ఇప్పుడు ఎందుకులే బొజ్జా. సోమారం కొత్త బండి వస్తాది, నువ్వే తోలుదువు."

"తాగుబోతు చేతికి కొత్త బండి ఇయ్యాకు రెడ్డీ."

తాళం బల్ల మీద పెట్టాడు. భుజాన ఉన్న తువ్వాలు మూట విప్పి, లోపలిది కూడా పెట్టాడు. దండం పెట్టకుండా మెట్లు దిగి, హంపమ్మ ఉన్న ఇంటివైపు నడిచాడు. వెనక నుంచి రెడ్డి పిలిచినా తిరగలేదు.

బల్ల మీద, టీ గ్లాసుల మధ్య, సగం తెగిన ట్యూబు ముక్క వేలాడుతున్న పాత జాయింటు. దాని కింద పేపరు మీద గ్రీజు మరక నెమ్మదిగా వెడల్పవుతోంది.