ముక్కాయన ఎంపిక

ఆకులు రాలడం మొదలైందంటే ఆ చిన్న భోజనశాల గుమ్మం పక్కనున్న నల్లబల్ల కొత్త రాతలు తొడుక్కునేది. గుమ్మడికాయ సూపు, వెన్నలో వేయించిన పుట్టగొడుగులు, సన్నసెగ మీద మెత్తగా ఉడికిన మాంసం. అన్నిటికీ అడుగున "ముక్కాయన ఎంపిక" అని రాసి, దాని కింద మూడిటికీ నప్పే ఒక ఎర్ర వైన్ పేరు.

ముక్కాయన అంటే వంటావిడ మొగుడు. సీసా మూత తీయకుండానే లోపల ఏముందో చెప్పేస్తాడని వీధి వీధంతా చెప్పుకునేది. అవి కోతలే అనుకోండి. మూత తీశాక మాత్రం ఆయన ముక్కుకు తిరుగులేదు. వంట ఆమెది, వైన్ ఆయనది. వ్యాపారి తెచ్చిన సీసాల ముందు కూర్చుని, ఆమె వండినవి ఒక్కో చెంచా తింటూ, ఒక్కో గుక్క తాగుతూ, పిల్లకి సంబంధం చూస్తున్నంత శ్రద్ధగా జోడీ కుదిర్చేవాడు.

చలికాలం చివర్లో ఆయన పోయాడు. ఈ ఏడు ఆ కుర్చీలో ఆమె కూర్చోవాల్సి వచ్చింది.

"కొత్తగా ఎంచేదేముంది? పోయినేడు మీ అన్న పెట్టిందే పెడదాం. ఆయన చేత్తో ఆఖరుసారి ఎంచింది అదేగా," అంది మరిదితో. బల్లల దగ్గర వడ్డన చూసుకునే మరిది మొహం తిప్పుకుని కుర్చీలు సర్దడంలో పడ్డాడు.

ఆ మధ్యాహ్నం వ్యాపారి వచ్చాడు. "మీరు చెప్పింది తెచ్చానమ్మా. ఇంకో రెండు కూడా తెచ్చాను. వాటినీ ఓసారి రుచి చూడండి, తప్పేముంది?"

"మా వదిన ఇన్నేళ్ళూ వైన్ వంటకుండకి తాగించిందే గానీ తను తాగిందెప్పుడు?" అన్నాడు మరిది, గ్లాసులు పెడుతూ.

"కుండ నీలాగా వాగదు. అందుకే దానికి పోశాను," అంది ఆమె.

మొదటి సీసాది పల్చటి రంగు. పుట్టగొడుగు ముక్క నమిలి ఒక గుక్క పుచ్చుకుంది. చెర్రీపండు పులుపు, వానకు తడిసిన మట్టివాసన. తోడబుట్టినవాళ్ళలా కలిసిపోయాయి రెండూ. సూపుతోనూ, మాంసంతోనూ పేచీ పెట్టలేదు. రెండోది మాంసానికి బాగుంది గానీ సూపు రుచిని పూర్తిగా మింగేసింది.

మూడోది ఆయన ఎంచినది. సూపు తిని, తాగింది. పచ్చి అరటికాయ కొరికినట్టు నోరంతా వగరు. నాలుక అట్టలా బిగుసుకుపోయింది. గుమ్మడి తీపి కాస్తా చేదెక్కింది.

"ఈ సీసా పాడైనట్టుంది."

వ్యాపారి అదే రకం ఇంకో సీసా తీశాడు. అదీ అంతే.

"వైన్ మంచిదేనమ్మా. కొవ్వున్న మాంసం పక్కన రాజాలా ఉంటుంది. గుమ్మడికి, పుట్టగొడుగులకే పడదు. పోయినేడే అన్నాను అయ్యగారితో. నవ్వేసి ఊరుకున్నారు."

ఆమె మరిది వైపు తిరిగింది. అతను తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తున్నాడు.

"నీకు తెలుసు కదూ?"

"అన్న ఒట్టు వేయించుకున్నాడు వదినా."

"ఒట్టు వేయించుకున్న మనిషే లేడు. చెప్పు."

"ఆ జబ్బుకి మందులు మొదలెట్టాక అన్న ముక్కుకి వాసన పోయింది. నాలుకకి రుచీ పోయింది. సీసాలన్నీ నీళ్ళలాగే ఉన్నాయిరా, ఇదొక్కటే నాలుకని పట్టుకుంటోంది అన్నాడు. అందుకే దీన్ని ఎంచాడు. వదినకి చెప్పకురా, వంట మీద మనసు విరిగిపోతుంది అన్నాడు."

ఆమె చెంచా కింద పెట్టింది.

పోయినేడంతా ఆయన ఏ గిన్నె ముందు కూర్చున్నా మొదటి చెంచా ఆమె నోటికే అందించేవాడు. "నువ్వు తిను ముందు," అని ఆమె మొహంలోకి చూసేవాడు. ఆమె తల ఊపాక "నేనూ అదే అనుకున్నా," అనేవాడు. ఈ వయసులో ఇదేం ముచ్చటని పైకి కసురుకుంటూనే లోలోపల మురిసిపోయింది. ఆమె మొహం చూసి సూపు రుచి తెలుసుకున్నాడన్నమాట.

"ఆ మొదటిది పంపండి," అంది వ్యాపారితో.

అతను వెళ్ళాక మరిది సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల ముందు నిలబడ్డాడు. "ఇది అన్న ఎంచింది కాదుగా వదినా. పైన అన్న పేరు తీసెయ్యనా?"

"తీసేశావంటే చెయ్యి విరగ్గొడతా. ఆ పేరే రాయి. కింద ఈ కొత్తది రాయి."

"అది అబద్ధం కదా?"

"ఆయన నాకోసం ఏడాది ఆడాడు. ఆయన పరువు కోసం నేను ఆ మాత్రం ఆడలేనా?"

మరిది కళ్ళు తుడుచుకుని రాయడం మొదలుపెట్టాడు.

ఆమె వంటగదిలోకి వెళ్ళింది. గ్లాసులో ఆయన వైన్ పోసుకుని, రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా మూసుకుని తాగింది. పండు వాసన లేదు, మరే వాసనా లేదు. నాలుకని గట్టిగా పట్టుకున్న ఆ వగరొక్కటే మిగిలింది. ముక్కు వదలకుండానే సూపు ఒక చెంచా తింది. మెత్తగా ఏదో గొంతులోకి జారింది. తను వండిందని ఆనవాలు పట్టలేకపోయింది. అలాంటిదాన్ని ఆయన గిన్నె నాకినట్టు తినేవాడు. గిన్నె ఖాళీ చేశాక ప్రతిసారీ ఒకటే మాట. రుచి సంగతి అడిగినా అదే చెప్పేవాడు.

"వెచ్చగా ఉంది," అంది ఆమె పైకే, ముక్కు మూసుకునే.