ముప్పై తొమ్మిదో సమాధానం

ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు చప్పట్లు పడింది ఆ శనివారం ఒక్కరోజే. అవి కూడా పూర్తిగా పడలేదు.

లెక్కల టీచర్‌కి చప్పట్లు ఎవరు కొడతారు? సుబ్బరత్నం మేడం అంటే గురజాల చుట్టుపక్కల పిల్లలకు హడల్, తోటి టీచర్లకు విసుగు. కొత్త యాప్ వచ్చినప్పుడల్లా "నాకు రాదు, నన్నొదిలెయ్యండి" అని హెడ్మాస్టర్ మీద కస్సుమనేదాన్ని. అలాంటి నన్ను వేసవిలో నరసరావుపేటలో ఐదు రోజుల ట్రైనింగ్‌కి తోలారు. అక్కడ ఇరవై ఆరేళ్ళ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఫోన్ నేర్పింది. నాకు రోషం వచ్చింది. రోషం కొద్దీ నేర్చుకున్నాను. స్మార్ట్ బోర్డు మీద కోణాలు గియ్యడం, ఫోన్లో క్విజ్‌లు తయారుచెయ్యడం, హాజరు పట్టిక దానంతటదే కూడుకునేలా చెయ్యడం, అన్నీ వచ్చేశాయి. అన్నిటికంటే నచ్చింది ఆన్‌లైన్ ఫారం. ప్రశ్న రాసి లింకు పంపిస్తే చాలు, జవాబులన్నీ వచ్చి గుండ్రటి రంగుల బొమ్మ అయిపోతాయి.

తొమ్మిదో తరగతికి నేనే క్లాస్ టీచర్ని. బుధవారం వాళ్ళకో ఫారం తయారుచేశాను. 'మనసులో మాట' అని పేరు పెట్టాను. రెండే ప్రశ్నలు. బడికి రావడానికీ పోవడానికీ మీకు భయంగా ఉంటుందా: లేదు, కొంచెం, చాలా. భయం ఉంటే ఎందుకో రాయండి.

"పేరు రాయమాకండి. ఎవరు రాశారో నాక్కూడా తెలవదు. ఒట్టు," అని క్లాసులో చెప్పాను.

లింకు మా క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆ గ్రూపు పేరు 'తొమ్మిదో తరగతి విద్యార్థులు'. అందులో ఒక్క విద్యార్థీ లేడు. మా దగ్గర ఇంటికొకటే మంచి ఫోను, అది తండ్రి చొక్కా జేబులో ఉంటుంది. పొద్దుగూకి ఆయన చేలో నుంచి వచ్చాక పిల్లలకు అరగంట ఇస్తాడు. అందరి నంబర్లూ తండ్రులవే. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఎప్పుడూ ఉండేదే కాబట్టి దాని గురించి ఆలోచించలేదు.

బుధవారం రాత్రికే ముప్పై తొమ్మిది సమాధానాలు వచ్చేశాయి. క్లాసులో ఉన్నది ముప్పై ఎనిమిది మంది. ఎవడో తలతిక్కవాడు రెండుసార్లు నొక్కి ఉంటాడని తేల్చేశాను. లెక్క తప్పితే ఊరుకోని మనిషిని, ఆ ఒక్కటీ ఊరుకున్నాను. పిల్లలు రాసినవి తరవాత తీరిగ్గా చదువుదామనుకున్నాను. నాకు కావలసింది బొమ్మ. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది.

శనివారం కాంప్లెక్స్ మీటింగ్ మా బళ్ళోనే. చుట్టుపక్కల బళ్ళ టీచర్లందరూ వస్తారు కాబట్టి పిల్లలకు ఒంటిపూట. అన్నాలు తిని ఒంటిగంటకల్లా వెళ్ళిపోయారు. నాకిచ్చిన అంశం, టీచర్లకు పనికొచ్చే డిజిటల్ చిట్కాలు. స్మార్ట్ బోర్డు మీద నా రంగుల చక్రం పెట్టాను. పదింట తొమ్మిది వంతులు ఆకుపచ్చ. పసుపు ఓ చీలిక, ఎరుపు ఓ చీలిక.

"చూడండి, నూటికి తొంభై మంది పిల్లలకు ఏ భయమూ లేదు. ఈ మాట చెప్పడానికి నాకు అరనిమిషం పట్టలేదు. లింకు మీ గ్రూపులో కూడా పెట్టాను, మీరూ నొక్కి చూడండి," అన్నాను. చప్పట్లు మొదలయ్యాయి.

పక్క ఊరి సైన్సు మాస్టారు బెంజిమిన్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఫోన్ చూస్తూ లేచి నా దగ్గరకొచ్చాడు. చెవి దగ్గర మెల్లగా, "మేడం, ఒక్కసారి బయటికి రండి," అన్నాడు.

వరండాలోకి వెళ్ళాక ఫోన్ నా చేతిలో పెట్టాడు. "ఫారం పంపంగానే కింద 'మునుపటి సమాధానాలు చూడండి' అని వచ్చింది. నొక్కా. పిల్లలు రాసినయ్యన్నీ కనపడతన్నయ్యేంది మేడం? లింకు చేతిలో ఉన్న ప్రతివాడికీ కనపడతాయి ఇయ్యి."

ట్రైనింగ్‌లో ఆ పిల్ల చెప్పింది, అవసరమైన మీటలే ఆన్ చెయ్యాలని. నేను కనిపించిన మీటలన్నీ ఆన్ చేశాను.

"ఇది చదవండి," అని వేలితో చూపించాడు.

అందరూ దిగినాక ఆటో బాబాయి నన్ను ముందు సీట్లోకి రమ్మంటాడు. పోకపోతే క్వారీ కాడ ఆటో ఆపేస్తాడు. నాకు చానా భయం. మా నాన్నకి చెప్తే బడి మానిపిస్తాడు.

నాలుగే వాక్యాలు. పేరు లేదు. పేరుతో పనేముంది? అందరూ దిగినాక మిగిలే పిల్ల మా క్లాసులో ఒక్కతే. రాళ్ళకుంటపల్లె నుంచి వచ్చే షెర్లీ. కోటయ్య, హన్నమ్మల కూతురు. బోర్డు దగ్గరికి పిలిస్తే సుద్దముక్క కూడా చప్పుడు కాకుండా రాస్తుంది.

ఆటో బాబాయి అంటే వేణుమాధవ్. ఆరేళ్ళుగా మా ఆడపిల్లల్ని ఆటోలో తీసుకొచ్చి దింపుతున్నాడు. పిల్లలందరికీ బాబాయే. పండక్కి టీచర్లకు స్వీట్లు కూడా పంచుతాడు. అతని కూతురు హాసిని మా తొమ్మిదో తరగతే. అంటే అతని నంబరూ ఆ గ్రూపులో ఉంది.

ముందు ఆ మీట ఆఫ్ చేశాను. రెండుసార్లు తప్పు నొక్కాను. తరవాత, గ్రూపులో నేను పెట్టిన మెసేజిని ఎవరెవరు చూశారో తెలుసుకునే చిట్కా ఒకటుంది కదా, అదీ నేర్చుకున్నాను కదా, అది నొక్కాను. చదివినవారి పేర్లు వచ్చాయి. పైనుంచి నాలుగోది 'హాసిని ఫాదర్ ఆటో'. బుధవారం, రాత్రి ఏడూ నలభై.

మూడు రోజులుగా అతనికి తెలుసు. మూడు రోజులుగా ఆ పిల్ల అతని ఆటోలోనే పోతోంది.

"ఇప్పుడు యాడుందా పిల్ల?" అన్నాడు బెంజిమిన్.

టైము చూశాను. ఒకటీ ముప్పై అయిదు. ఆటో పోయి అరగంట దాటింది.

కోటయ్యకు ఫోన్ చేశాను. వెనక ఆడవాళ్ళ మాటలు, ట్రాక్టర్ చప్పుడు. "మేడం, మేం మాచర్ల కాడ పత్తి తీతకొచ్చినం. ఏంది, మా పాప ఏమన్నా చేసిందా?" అన్నాడు. అతని గొంతులో అప్పుడే కోపం వినపడింది. మా నాన్నకి చెప్తే బడి మానిపిస్తాడు.

"ఏం లేదు కోటయ్యా. హాజరు గురించి," అని పెట్టేశాను. ఇంట్లో ఎవరూ లేరన్నమాట. పల్లెలో ఎవరూ ఉండరన్నమాట, పత్తి తీసే రోజులు. పిరికిదాన్ని. ఆ మాట ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ నిమిషంలో నాకు ఆ పిల్ల గురించి ఎంత భయమేసిందో, నా గురించి కూడా అంతే భయమేసింది.

బెంజిమిన్ బండి తీశాడు. యాభై ఆరేళ్ళ దాన్ని, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కాళ్ళు చెరోవైపు వేసి ఎక్కాను. మీటింగ్ కిటికీల్లోంచి అందరూ చూశారు. హెడ్మాస్టర్ ఏదో అరిచాడు. నేను తల తిప్పలేదు.

రోడ్డు మీద మొదటి ఊరు వేణుమాధవ్‌దే. హాసిని రోజూ అక్కడే, అందరికంటే ముందు దిగుతుంది. వాళ్ళ ఇంటికి తాళం వేసి ఉంది. ఆటో లేదు. రెండో ఊళ్ళో మా క్లాసు పిల్ల ఫరా అరుగు మీద కూర్చుని జామకాయ తింటోంది. నన్ను చూసి కాయ వెనక దాచి లేచి నిలబడింది.

"ఆటో ఎప్పుడు పోయిందే?"

"ఇందాకే మేడం. పావుగంటైంది."

"షెర్లీ ఉందా అందులో?"

"ఉంది మేడం. రోజూ ఉంటదిగా."

ఇంకేదో చెప్పబోయింది. నేను ఆగలేదు. ఆగి వినుంటే ఆ తరవాత నాలుగు కిలోమీటర్లు నా గుండె అలా కొట్టుకునేది కాదు. ఆ మాట తరవాతే తెలిసింది.

ఊరు దాటితే సాగర్ కాలవ కట్ట. ఒకవైపు మిరపచేలు, రెండోవైపు మూతపడ్డ నాపరాళ్ళ క్వారీ. మనిషి లేడు. కట్ట మీద మట్టిలో మూడు చక్రాల జాడ ఒక్కటే ఉంది. వీపు మీద చెమట చల్లగా తగులుతోంది. మనసులో ఒకటే లెక్క. పావుగంట. నాలుగు కిలోమీటర్లకు ఆటోకి పది నిమిషాలు. మిగతా అయిదు నిమిషాలు ఎక్కడ?

మలుపు తిరగ్గానే ఆటో కనిపించింది. క్వారీ దగ్గర, ఆగి ఉంది. డ్రైవరు సీట్లో ఎవరూ లేరు.

బండి పూర్తిగా ఆగకముందే దూకాను. చెప్పు ఒకటి ఊడిపోయింది. "షెర్లీ!" అని అరిచాను.

వెనక సీట్లో షెర్లీ ఉంది. పుస్తకాల సంచి గుండెలకు హత్తుకుని, ఓ మూలకు ఒదిగి కూర్చుంది. నన్ను చూసి బిత్తరపోయింది. ఒంటి మీద బట్ట నలగలేదు, కంట్లో నీళ్ళు లేవు. నేను ఆటో కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకున్నాను. అప్పుడు చూశాను, ముందు సీట్లో ఇంకో పిల్ల ఉంది.

హాసిని. ఎప్పుడో మొదటి ఊళ్ళో దిగాల్సిన హాసిని. ఫరా చెప్పబోయింది ఇదే. డ్రైవరు పక్కన ఉండే ఆ జానెడు చోటంతా తానే నిండిపోయేలా కాళ్ళు బారజాపి కూర్చుంది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఉంది. నా వైపు తిరగలేదు.

క్వారీ వైపు నుంచి వేణుమాధవ్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంది మేడం, ఇంత ఎండలో ఇట్టా వచ్చారు?" అని నవ్వాడు.

"ఆటో ఎందుకాగింది?"

"ఇంజిన్ వేడెక్కిందండీ."

"రోజూ ఇక్కడే వేడెక్కుద్దా?"

అతని నవ్వు అలాగే ఉండిపోయింది గానీ కళ్ళు బెంజిమిన్ మీదికి, అక్కణ్ణుంచి కూతురి మీదికి పోయాయి. "మా పాపకేమో పిచ్చి పట్టిందండీ. మూడు రోజుల్నించి ఇంటికాడ దిగదు. చివరిదాకా వస్తానని ఒకటే మొండి. తిట్టినా అంతే, కొట్టినా అంతే. మీరన్నా బుద్ధి చెప్పండి," అన్నాడు.

మూడు రోజుల్నించి.

"పిల్లలిద్దరూ నాతో నడిచొస్తారు. నువ్వు ఆటో తిప్పుకుని పో," అన్నాను. అతను ఏదో అనబోయాడు. బెంజిమిన్ బండికి స్టాండు వేసి, ఫోన్ తీసి ఆటో నంబరు ఫొటో తీశాడు. వేణుమాధవ్ ఆటో ఎక్కాడు. వేడెక్కిన ఇంజిన్ ఒక్క దెబ్బకే స్టార్టయింది.

పల్లె ఇంకో కిలోమీటరు. షెర్లీ నా ఎడమ చెయ్యి పట్టుకుంది. హాసిని నాలుగడుగులు దూరంగా నడుస్తోంది. వెనకాల బెంజిమిన్ బండి తోసుకుంటూ వస్తున్నాడు. హాసినిని నేనే అడిగాను.

"మీ నాన్న ఫోన్లో చూసింది నువ్వేనా?"

తలూపింది. "నేను రాసినాక కింద ఏదో వస్తే నొక్కా. అన్నీ కనపడ్డయ్యి. నాన్న స్నానం చేస్తన్నాడు. గబగబా మీ మెసేజ్ తీసేశా. నాన్న చూళ్ళేదు."

"నాకెందుకు చెప్పలేదే? బళ్ళో రోజూ నా ఎదురుగానే కూర్చుంటావు కదా!" నా పాడు గొంతు, ఆ పిల్ల మీద కూడా అరిచినట్టే వచ్చింది.

హాసిని ఆగిపోయింది. మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"చెప్పాగా మేడం. మళ్ళీ రాసి పంపా. మీరు చదవలేదా?"

కాలవ కట్ట మీదే నిలబడి ఫోన్ తెరిచాను. వేలితో కిందికి, కిందికి జరిపాను. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. బుధవారం, రాత్రి ఏడూ నలభై ఏడు.

మేడం, పైన ఆటో బాబాయి అని రాసింది మా నాన్న గురించే. ఎవరు రాశారో తెలవదన్నారుగా, అందుకని రాస్తన్నా. మీరు చదివిందాకా నేను ముందు సీట్లో కూర్చుంటా. తొందరగా చదవండి మేడం.

బుధవారం రాత్రి, గురువారం, శుక్రవారం, శనివారం పగలు. ఈ లోగా నేను చక్రానికి ఆకుపచ్చ బావుందా, నీలం బావుందా అని రెండుసార్లు మార్చి చూసుకున్నాను.

పిల్లల హెల్ప్‌లైన్ నంబరు ప్రతి క్లాసు గోడ మీదా రాయించింది నేనే. ఇప్పటిదాకా ఎప్పుడూ నొక్కలేదు. ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది. అవతల రింగవుతోంది. షెర్లీ నా చెయ్యి వదల్లేదు. హాసిని దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడం, వాళ్ళు పేరడుగుతారా?"

"అడుగుతారమ్మా."

"నాన్న పేరు మీరే చెప్పండి. నేను చెప్పలేను," అంది. తల వంచుకుని రెండు చెవులూ మూసుకుంది.

అవతల ఎవరో ఆడమనిషి "చెప్పండి," అంది.